శుక్లం ఆపరేషన్: ఎప్పుడు చేయించుకోవాలి, ఏ లెన్స్ వేయించుకోవాలి? ఒక ప్రూఫ్‌రీడర్ లెక్క

శుక్లం ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నవాళ్ళు నన్ను మొదట అడిగేది "ఏ లెన్స్ మంచిది?" అని. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "కళ్ళజోడు తీసేశాక మీకు ఏ దూరంలో కనబడాలి?" చాలామంది ఆ సంగతి అప్పటిదాకా ఆలోచించి ఉండరు. "అన్నీ కనబడాలి" అంటారు. అన్నీ కనబడేందుకని తయారుచేసిన లెన్సులూ ఉన్నాయి, వాటి గురించీ చెబుతాను. కానీ పాతికేళ్ళ వయసులో మన కన్ను చేసిన పని ఏ లెన్సూ చెయ్యదు. ఒకటి ఇస్తే ఇంకోటి తీసుకుంటుంది. ఏది వదులుకుంటే ఫర్వాలేదో మనం నోరు తెరిచి చెబితే తప్ప డాక్టరుగారికి తెలియదు.

నేను ముప్పయ్యేళ్ళకు పైగా ప్రూఫులు దిద్దినదాన్ని. చిన్నప్పటినుంచీ రెండు కళ్ళకీ మైనస్ పవరు; పెద్దయ్యేసరికి ఆరు దగ్గర ఆగింది. బయటికి వెళ్తే కళ్ళజోడు ఉండాల్సిందే. పేజీ ముందుకు రాగానే మాత్రం దాన్ని నెత్తిమీదికి తోసి, కాగితం జానెడుకన్నా దగ్గర పెట్టుకుని చదివేదాన్ని. నా తోటివాళ్ళు నలభై దాటగానే చదువుకునే అద్దాలకోసం తడుముకుంటుంటే నాకు ఆ బాధ తెలియలేదు. ఆపరేషన్ సంగతి మాట్లాడటానికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు అందరికీ చెప్పినట్టే చెప్పారు: "దూరానికి సెట్ చేస్తాం అమ్మా. దూరమంతా అద్దాల్లేకుండా కనబడుతుంది, చదువుకోవడానికి మాత్రం అద్దాలు పెట్టుకోవాలి." వినడానికి బాగానే ఉంది. కాకపోతే జీవితమంతా వట్టి కళ్ళతో చదివినదాన్ని ఇక వట్టి కళ్ళతో ఒక్క అక్షరం చదవలేనన్నమాట. ఆ విషయం ముందే తెలుసుకుని, ఆలోచించి, వద్దన్నాను. ఏం కావాలన్నానో కిందకి వచ్చేసరికి చెబుతాను.

ముదిరేదాకా ఆగాలా?

కంటిపాప వెనక మనకి పుట్టుకతో ఉండే లెన్సు, వయసు పెరిగేకొద్దీ అందులోని ప్రొటీన్లు ముద్దకట్టి, పసుపెక్కి, మసకబారుతుంది. అదే శుక్లం. "పొర" అంటాం గానీ అది కంటిమీద పెరిగేది కాదు. అందుకే చుక్కల మందుకి కరగదు, కంటి వ్యాయామాలకి తగ్గదు. మసకబారిన ఆ లెన్సుని తీసేసి, అది ఉన్న సంచీలోనే కొత్త లెన్సు పెట్టడమే ఆపరేషన్.

"ఇంకా ముదరలేదు, ముదిరాక చేయిద్దాం" అన్న మాట ఇప్పటికీ ఇళ్ళలో వింటూంటాం. ఒకప్పుడు ఆ మాటకి అర్థం ఉండేది. పెద్ద కోత పెట్టి లెన్సుని మొత్తంగా బయటికి తీసే రోజుల్లో బాగా ముదిరినదే తేలిగ్గా వచ్చేది. పైగా తీసేశాక లోపల పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ప్లస్ పది పవరున్న సోడాబుడ్డి అద్దాలతో, వస్తువులన్నీ అసలుకన్నా పెద్దవిగా చూస్తూ బతకాల్సి వచ్చేది. ఓ మాదిరిగానైనా కనబడుతున్న కంటిని అలాంటి స్థితిలోకి ఎవరు నెడతారు? లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో హెరాల్డ్ రిడ్లే అనే సర్జన్ 1949లో మొదటిసారి కంటిలోపల ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. యుద్ధంలో విమానాల పైకప్పు పగిలి పైలట్ల కళ్ళలో దిగిన అక్రిలిక్ ప్లాస్టిక్ ముక్కల వల్ల కంటికి పెద్దగా వాపూ మంటా రావడం లేదని గమనించి ఆ ఆలోచన చేశాడు. ఆ మొదటి పేషెంటుకి ఆపరేషన్ తరవాత చాలా ఎక్కువ మైనస్ పవరు మిగిలింది. ఏ పవరు లెన్సు పెట్టాలో లెక్కకట్టే విద్య అప్పటికింకా పుట్టలేదు మరి. 1967లో చార్లెస్ కెల్మన్ అల్ట్రాసౌండ్‌తో లెన్సుని లోపలే పొడి చేసి పీల్చేసే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు ఫేకో అని పిలిచేది అదే. రెండు మూడు మిల్లీమీటర్ల కోత చాలు.

దీంతో పాత లెక్క తలకిందులైంది. ఎంత ముదిరితే లెన్సు అంత గట్టిపడుతుంది, దాన్ని పగలగొట్టడానికి అంత ఎక్కువ అల్ట్రాసౌండ్ వాడాలి. కంటి ముందుభాగంలో అద్దంలా ఉండే పొర, కార్నియా, దాని లోపలి వరసలో ఉండే కణాలు ఒకసారి పోతే మళ్ళీ పుట్టవు. ఆ దెబ్బ పడేది వాటి మీదే. కాబట్టి ముదరబెట్టడం వల్ల లాభమేమీ లేదు.

అలాగని "శుక్లం మొదలైంది" అని చీటీలో రాయగానే పరుగెత్తనక్కర్లేదు కూడా. అరవై దాటినవాళ్ళలో ఎవరి కళ్ళు చూసినా ఎంతోకొంత మొదలయ్యే ఉంటుంది. చాలామందికి కళ్ళజోడు పవరు మారిస్తే ఇంకొన్నాళ్ళు హాయిగా నడుస్తుంది. మామూలు శుక్లానికి కొన్ని నెలలు ఆగినందువల్ల కంటికి శాశ్వత నష్టం రాదు. అది మనకున్న వెసులుబాటు, నిదానంగా ఆలోచించుకోవడానికి వాడుకోవాలి.

మరి ఎప్పుడు? మీ పని మీకు చెబుతుంది. నా విషయంలో 'ధ' చెప్పింది. దానికీ 'ద'కీ తేడా కింద ఉండే ఒక చిన్న గీత. ఆ గీత కంటికి ఆనడం మానేసింది. 'ప'ని 'వ' అనుకుని దిద్దబోయి ఆగిపోయేదాన్ని. లైటు ఇంకా దగ్గరికి లాక్కుంటే కాగితం మెరిసిపోయి అక్షరం మరీ వెలిసిపోయేది. పవరు మార్పించినా ఫలితం లేకపోయింది. బోర్డు మీద అక్షరాలు మాత్రం నేను చాలా కిందిదాకా చదివేశాను! చీకటిగదిలో తెల్లటి తెరమీద నల్లటి పెద్ద అక్షరాలు చదవడం వేరు, బతుకులో చూపు వేరు. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు "సరిగ్గా కనబడట్లేదు" అనే ఒక్క మాటతో వెళ్ళకండి. ఏ పని మానేశారో, ఏ పనికి జంకుతున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. రాత్రి ఎదురుగా వచ్చే బండి లైటు కళ్ళలో చిమ్మడం, మెట్టు ఎక్కడ అయిపోయిందో తెలియకపోవడం, ఎండలోకి రాగానే అంతా పాలిపోవడం, మనిషి గొంతు వింటే తప్ప ఎవరో తెలియకపోవడం. ఇలాంటివి రాస్తే శుక్లం రకం కూడా ఆయనకి తెలిసిపోతుంది. లెన్సు వెనక పొరకి పట్టే శుక్లం ఎండలో, చదివేటప్పుడు ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, త్వరగా పెరుగుతుంది. స్టెరాయిడ్లు వాడినవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో ఎక్కువ. మధ్యభాగం గట్టిపడే రకం నిదానంగా నడుస్తుంది, మైనస్ పవరు పెంచుతుంది. "మా అమ్మకి ఎనభైలో చదువుకునే అద్దాలు అక్కర్లేకుండా పోయాయి, చూపు తిరిగొచ్చింది" అని మురిసిపోయేది ఈ రకాన్ని చూసే. చూపు తిరిగి రాలేదు, శుక్లం ముదురుతోంది.

ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. బాగా ముదిరి ఉబ్బిన లెన్సు కంటిలో నీరు పోయే దారిని మూసేస్తే ప్రెషర్ ఒక్కసారిగా పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, తలనొప్పి, వాంతితో నొప్పి వస్తే అది గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన విషయం. షుగరున్నవాళ్ళకి కంటి వెనక బొమ్మ పడే పొరని, అంటే రెటీనాని, పరీక్ష చెయ్యడానికి శుక్లమే అడ్డమైతే, చూపు ఓ మాదిరిగా ఉన్నా తీసేయమంటారు. ఒకే కన్ను మిగిలినవాళ్ళు మాత్రం భయంతో మరీ వాయిదా వేస్తుంటారు. ఆలస్యమయ్యేకొద్దీ ఆ ఆపరేషన్ కష్టమవుతుందే గానీ తేలిక కాదు.

కొలతల రోజు

లెన్సు రకం గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటాం. కొలత తప్పితే ఎంత గొప్ప లెన్సయినా దండగ. కంటి పొడవు సగటున ఇరవైమూడున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ఆ పొడవు కొలవడంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చివరికి రెండున్నర, మూడు డయాప్టర్ల (కళ్ళజోడు పవరుని లెక్కపెట్టేది వీటిలోనే) తేడా వస్తుంది. కాబట్టి ఆ రోజు మీ కన్ను కుదురుగా ఉండేలా చూసుకోవడం మీ పని.

కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు వాటిని ముందే ఆపాలి, ఎన్నాళ్ళు అన్నది లెన్సు రకాన్ని బట్టి డాక్టరు చెబుతారు. గట్టి రకానికి ఎక్కువ రోజులు పడుతుంది. అవి కార్నియా ఆకారాన్ని నొక్కిపెట్టి ఉంచుతాయి. కళ్ళు పొడిబారి, ఇసక పోసినట్టు ఉండేవాళ్ళు ముందు దానికి మందు వాడి, తరవాతే కొలతలు తీయించుకోవాలి. కన్నీటి పొర చెదిరి ఉంటే కార్నియా కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. నాకు మొదట తీసినవి ఒకదానికొకటి పొసగలేదు. కృత్రిమ కన్నీటి చుక్కలు కొన్నాళ్ళు వాడి మళ్ళీ రమ్మన్నారు. విసుగనిపించింది గానీ అది మంచి ఆసుపత్రి లక్షణం.

కళ్ళజోడు పోవడానికి కార్నియాని చెక్కే లాసిక్ లాంటివి ఎప్పుడైనా చేయించుకుని ఉంటే తప్పకుండా చెప్పాలి, పాత కాగితాలు ఉంటే తీసుకెళ్ళాలి. చెక్కిన కార్నియాకి మామూలు సూత్రాలు పనిచెయ్యవు. మగవాళ్ళు ఇంకొకటి చెప్పాలి: ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ వాడుతున్నారా, ఎప్పుడో వాడి మానేశారా అన్నది. ఆ మందు వల్ల ఆపరేషన్‌లో కంటిపాప సరిగ్గా విచ్చుకోక, దాని చుట్టూ ఉండే రంగు పొర, ఐరిస్, గుడ్డపేలికలా కదిలిపోతుంది. ముందే తెలిస్తే సర్జన్ తగిన జాగ్రత్తతో దిగుతారు. మందు ఆపినంత మాత్రాన ఆ ప్రభావం పోదు, కాబట్టి సొంతంగా ఆపకండి, చెప్పండి చాలు. రక్తం పలచబరిచే మందుల సంగతీ అంతే, చుక్కల మత్తుతో చేసే ఆపరేషన్‌కి చాలామందికి వాటిని ఆపనే ఆపరు.

రెటీనా మధ్యభాగం, మాక్యులా, ఎలా ఉందో స్కాన్ తీయమని అడగండి. అక్కడ జబ్బుంటే రెండు విషయాలు మారిపోతాయి: ఆపరేషన్ వల్ల ఎంత చూపు వస్తుందన్న ఆశ, ఏ లెన్సు పనికొస్తుందన్న లెక్క.

టేపు పట్టుకుని మొదలుపెట్టండి

మోనోఫోకల్ అంటే ఒకే దూరానికి ఫోకస్ అయ్యే లెన్సు. ప్రపంచంలో ఎక్కువమందికి వేసేది ఇదే. ఉన్నవాటిలో అతి స్పష్టమైన బొమ్మ ఇచ్చేదీ ఇదే. ఆ ఒక్క దూరం ఏదో ఎంచుకునే హక్కు మీకుందని చాలామందికి తెలియదు. లెన్సు మారదు, దాని పవరు మారుతుంది, అంతే.

లెక్క చాలా తేలిక. వందని, ఆపరేషన్ తరవాత కంట్లో మిగల్చబోయే మైనస్ పవరుతో భాగిస్తే, కళ్ళజోడు లేకుండా ఎన్ని సెంటీమీటర్ల దూరంలో స్పష్టంగా ఉంటుందో వస్తుంది. మైనస్ ఒకటి మిగిలిస్తే మీటరు. మైనస్ ఒకటిన్నరకి అరవై ఆరు సెంటీమీటర్లు, రెండుకి యాభై, రెండున్నరకి నలభై. సున్నా మిగిలిస్తే దూరమంతా. ఆ దూరానికి అటూ ఇటూ కొంత మేర ఓ మాదిరిగా కనబడుతుంది.

నేను ఇంట్లో టేపు తీసుకుని కొలిచాను. ఏటవాలు బల్లమీద ప్రూఫు కాగితానికీ, ముందుకి వంగకుండా కూర్చుంటే నా కంటికీ మధ్య నలభై సెంటీమీటర్లు. కంప్యూటరు తెర అరవై అయిదు. కత్తిపీట, పొయ్యి, బీరువాలో పుస్తకాల వరస, అద్దంలో నా ముఖం, అన్నీ కొలిచాను. మా ఆయన "ఇల్లు అమ్మేస్తున్నావా ఏంటి?" అని నవ్వారు. చూస్తే నేను మెలకువగా ఉండే గంటల్లో సగానికి పైగా మీటరు లోపలే గడుస్తున్నాయి. బయటికి వెళ్ళినప్పుడు కళ్ళజోడు పెట్టుకోవడం నాకు ఏనాడూ బరువనిపించలేదు. అది లేకపోతేనే ముఖం బోసిగా ఉంటుంది. ఇంక ఆలోచించడానికేముంది? కుడి కంటికి మైనస్ రెండున్నర, ఎడమ కంటికి మైనస్ ఒకటిన్నర మిగల్చమని అడిగాను. ఒకటి కాగితానికి, ఒకటి తెరకి. డాక్టరుగారు ఒక క్షణం ఆగి "దూరానికి అద్దాలు తప్పనిసరి అవుతాయి, తెలుసుగా?" అన్నారు. తెలుసన్నాను. ఫైల్లో రాయించాను.

ఇక్కడ ఒక మాట. ఎంత బాగా కొలిచినా లెక్క అణుమాత్రం తేడా లేకుండా రాదు. ఎక్కువమందికి అనుకున్నదానికి అర డయాప్టరు లోపల, దాదాపు అందరికీ ఒక డయాప్టరు లోపల వస్తుంది. రెండున్నర అడిగితే రెండుంబావు రావచ్చు, రెండూ ముప్పావు రావచ్చు. దానివల్ల కాగితం కాస్త దూరం జరుగుతుందో దగ్గరవుతుందో, అంతకన్నా ఏమీ కాదు. సున్నా అడిగినవాళ్ళకి మాత్రం ప్లస్ వైపు తప్పితే దూరమూ దగ్గరా రెండూ అలుక్కుపోతాయి. అందుకే సర్జన్లు సున్నా అన్నా పిసరంత మైనస్ వైపే గురిపెడతారు.

మా అన్నయ్య లెక్క వేరు. ఆయనకి చిన్నప్పటినుంచీ దూరపు చూపు దివ్యంగా ఉండేది, చదవడానికే అద్దాలు. రాత్రిళ్ళు బండి నడుపుతాడు. రెండు కళ్ళకీ దూరం పెట్టించుకుని, చదువుకునే అద్దాలు ఎప్పట్లాగే జేబులో వేసుకు తిరుగుతున్నాడు. ఆయనకి అదే సరైనది. అలవాటైన వైపే ఉండనివ్వడం అనేది తక్కువ చేసి చూడాల్సిన సూత్రం కాదు. పుట్టినప్పటినుంచీ మైనస్‌తో బతికినవాళ్ళకి దూరం ఒక్కటే ఇచ్చి దగ్గర లాగేసుకుంటే, ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగినా ఏదో పోగొట్టుకున్నట్టే ఉంటుంది.

ఒక కన్ను దూరానికి, ఇంకోటి దగ్గరికి పెట్టే మోనోవిజన్ ఇంకో దారి. మెదడు ఏ కంటి బొమ్మ స్పష్టంగా ఉంటే దాన్ని తీసుకుంటుంది. రెండు కళ్ళ మధ్య తేడా ఒకటి, ఒకటిన్నర దాటకపోతే చాలామంది సర్దుకుంటారు. సూదిలో దారం ఎక్కించడం, మెట్లు దిగడం లాంటి, లోతు అంచనా కావలసిన పనుల్లో కొంత తగ్గుతుంది. శుక్లం మరీ ముదరకముందే కాంటాక్ట్ లెన్సుతో కొన్నాళ్ళు అలా ఉండి చూడవచ్చు. ఇలా ముందే పరీక్షించి చూసుకోగలగడం దీనిలో సుఖం. లోపల పెట్టే మల్టీఫోకల్‌ని ముందు పెట్టుకుని చూసే వీలు లేదు.

మల్టీఫోకల్, ట్రైఫోకల్, ఈడాఫ్

ఇవి లోపలికి వచ్చే వెలుతురుని పంచుతాయి. ట్రైఫోకల్‌లో కొంత దూరానికి, కొంత తెర దూరానికి, కొంత చదివే దూరానికి. లెన్సు మీద సన్నటి వలయాలు చెక్కి ఈ పని చేయిస్తారు. కళ్ళజోడు వదిలించుకోవాలన్న కోరిక నిజంగా బలంగా ఉన్నవాళ్ళకి, వెనక రెటీనా, ముందు కార్నియా రెండూ ఆరోగ్యంగా ఉంటే, ఇవి బాగానే పనిచేస్తాయి. మా వదిన వేయించుకుంది. పెళ్ళిపత్రికల్లోని సన్నక్షరాలు వట్టి కళ్ళతో చదివి వినిపిస్తుంది. రాత్రి వీధిదీపాల చుట్టూ వలయాలు మాత్రం కనబడతాయట. "మొదట్లో చిరాకేసింది, ఇప్పుడు నేను చూస్తేనే కనబడతాయి" అంటుంది. మెదడు వాటిని పట్టించుకోవడం మానేయడానికి చాలామందికి నెలలు పడుతుంది, కొందరికి ఎప్పటికీ అలవాటు కాదు.

వెలుతురుని పంచినందుకు చెల్లించాల్సిందొకటుంది: కాంట్రాస్టు తగ్గుతుంది. లేత బూడిదరంగు కాగితం మీద నలుపు, మసక వెలుతురులో మెట్టు అంచు, ఇలాంటివి కొంచెం పలచబడతాయి. నా వృత్తికి అది పనికిరాదు. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నా, మాక్యులాలో జబ్బున్నా, షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా ఇప్పటికే తగ్గిన కాంట్రాస్టుని ఇంకా తగ్గించుకోవడమే అవుతుంది. అలాంటి కంటికి మల్టీఫోకల్ బాగుంటుందని ఎవరైనా చెబితే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. రాత్రిపూట బండి నడపడమే జీవనాధారమైనవాళ్ళూ, గోడమీద క్యాలెండరు ఒక్క పిసరు వంకరగా ఉన్నా నిద్రపట్టనివాళ్ళూ కూడా దూరంగా ఉండటం మేలు. రెండో జాతిలో నేనున్నాను.

ఈడాఫ్ అనేవి ఫోకస్‌ని ముక్కలు చెయ్యకుండా సాగదీస్తాయి. దూరం నుంచి కంప్యూటరు తెరదాకా బాగుంటుంది, సన్నక్షరాలకి అద్దాలు కావాలి. వలయాల బెడద మామూలుగా ట్రైఫోకల్ కన్నా తక్కువ. మోనోఫోకల్‌నే కాస్త మెరుగుపరిచిన రకాలూ వచ్చాయి, వాటితో మధ్యదూరం కొంచెం అదనంగా దొరుకుతుంది. పేర్లు ఏటేటా మారుతుంటాయి, పట్టించుకోవద్దు. ఏ పేరు చెప్పినా మూడు ప్రశ్నలు అడగండి: వట్టి కళ్ళతో ఏ దూరంనుంచి ఏ దూరందాకా కనబడుతుంది, రాత్రి ఎలా ఉంటుంది, నచ్చకపోతే ఏం చేస్తారు.

టోరిక్ అనేది వీటిలో ఇంకో రకం కాదు, వీటిలో దేనికైనా చేర్చగల గుణం. కార్నియా ఒక పక్క ఎక్కువ వంపు తిరిగి ఉంటే, అంటే సిలిండరు పవరుంటే, దాన్ని సరిచేస్తుంది. కార్నియా మీద సిలిండరు ఒక డయాప్టరు దాటితే దీని గురించి తప్పకుండా మాట్లాడాలి. నన్నడిగితే, డబ్బు అదనంగా పెట్టదలిస్తే మొదట దీనిమీదే పెట్టాలి. కళ్ళజోడులో ఉన్న సిలిండరు చూసి నిర్ణయించరు, ఎందుకంటే అందులో కొంత తీసేయబోయే పాత లెన్సుది కావచ్చు. టోరిక్‌ని సరైన కోణంలో కూర్చోబెట్టాలి. పది డిగ్రీలు తిరిగితే మూడోవంతు ఫలితం పోతుంది, ముప్పై తిరిగితే మొత్తం పోతుంది. తొలి రోజుల్లో అలా తిరిగినట్టు తేలితే మళ్ళీ లోపలికి వెళ్ళి సరిచేస్తారు.

కోతలు లేజరుతోనే పెట్టే పద్ధతి, ఫెమ్టో లేజర్‌తో చేయించుకుంటే చూపు ఇంకా బాగుంటుందా అని అడుగుతారు. పెద్ద అధ్యయనాలు చేసి చూశారు, మామూలు ఫేకోతో పోలిస్తే చివరి చూపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పసుపు రంగు లెన్సు రెటీనాని కాపాడుతుందన్నదానికి కూడా గట్టి రుజువు లేదు. వాటి గురించి బుర్ర పాడుచేసుకోకండి.

రెండో కన్ను

నాలాగా ఎక్కువ పవరున్నవాళ్ళకి మొదటి కన్ను అయ్యాక అసలు తమాషా మొదలవుతుంది. ఒక కన్ను మైనస్ రెండున్నర, ఇంకోటి ఆరు. కళ్ళజోడులో రెండు పవర్లూ పెడితే రెండు కళ్ళలో బొమ్మలు రెండు సైజుల్లో వస్తాయి, తల తిరుగుతుంది. ఈ మధ్యకాలాన్ని ఎలా గడపాలో ఆపరేషన్‌కి ముందే అడిగి పెట్టుకోవాలి. రెండు కళ్ళ కొలతలూ ముందే తీసేసి ఉంటే రెండో కంటికి కాంటాక్ట్ లెన్సు వాడవచ్చు, లేదా తొందరగా రెండోది కూడా చేయించుకోవచ్చు. కొన్నిచోట్ల ఒకే రోజు రెండూ చేస్తారు. వారాల వ్యవధి ఇస్తే లాభం ఏమిటంటే, మొదటి కంట్లో లెక్క ఎంత తప్పిందో చూసి రెండోదానికి సర్దుతారు. నా కుడికన్ను అనుకున్నదానికన్నా కొంచెం ఎక్కువ మైనస్‌లో ఆగింది, దాన్ని బట్టి ఎడమదాని లెక్క మార్చారు. మొదటి కంటి ఫలితం చూసుకుని రెండో కంటికి వేరే రకం లెన్సు కోరుకునే స్వేచ్ఛ కూడా ఉంటుంది.

ఆ వారాల్లోనే ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి కాగితం చూశాను. ఆపరేషన్ అయిన కంటికి తెల్లగా, కాని కంటికి బీరువా అడుగున ఉండిపోయిన పాత ప్రతి రంగులో. ఎన్నేళ్ళ నుంచి ఆ పసుపులో చూస్తున్నానో!

తరవాత

రిస్కు లేదనను. లెన్సు ఉండే సంచీ వెనక గోడ చిరగడం మంచి సర్జన్ల చేతిలోనూ నూటికి ఒకటి రెండు సార్లు జరుగుతుంది. చాలావరకు అక్కడికక్కడే సర్దుకుంటారు, అప్పుడు అనుకున్న లెన్సు కాక వేరేది పెట్టాల్సి రావచ్చు. కంటిలోపల ఇన్ఫెక్షన్ రావడం అరుదు గానీ వస్తే చూపు పోవచ్చు. కాబట్టి చుక్కలు చెప్పినన్నాళ్ళూ వెయ్యాలి, కన్ను నలపకూడదు, నీళ్ళు పడనివ్వకూడదు. తగ్గుతున్న నొప్పి మళ్ళీ పెరిగినా, చూపు మసకబారుతూ పోయినా, కన్ను మరింత ఎర్రబడినా తెల్లవారేదాకా ఆగొద్దు. మెరుపులు, ఒక్కసారిగా నల్లటి చుక్కల వాన, పక్కనుంచి తెర దించినట్టు నీడ: ఇవి రెటీనా ఊడుతోందనడానికి గుర్తులు. మైనస్ ఎక్కువున్న కళ్ళకి ఆ ప్రమాదం ఎక్కువ, అదీ ఆపరేషన్ అయిన ఏళ్ళ తరవాత కూడా.

కొత్త కళ్ళజోడు మొదటి వారంలోనే చేయించుకోకండి. పవరు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

కొన్ని నెలలకో ఏళ్ళకో మళ్ళీ మసక మొదలైతే శుక్లం తిరిగొచ్చిందని కంగారుపడతారు. తీసేసిన లెన్సు తిరిగి రాదు. కొత్త లెన్సు వెనక ఉన్న సంచీ గోడ మసకబారుతుంది, యాగ్ లేజరుతో దానిలో చిన్న కిటికీ తెరుస్తారు, కొద్ది నిమిషాల పని. ఒక్క సందర్భంలో మాత్రం తొందరపడకూడదు: మల్టీఫోకల్ వేయించుకుని, మొదటినుంచీ అది నచ్చక, లెన్సు మార్పించుకోవాలా అని ఊగిసలాడుతున్నవాళ్ళు. లేజరుతో సంచీ తెరిచాక లెన్సు మార్చడం చాలా కష్టం. మసక సంచీ వల్లనా, లెన్సు తీరు వల్లనా అన్నది తేల్చుకున్నాకే లేజరుకి ఒప్పుకోవాలి.

ఆపరేషన్ రోజు మీకో చిన్న కార్డు ఇస్తారు. మీ కంట్లో ఏ కంపెనీ ఏ మోడల్ లెన్సు, ఎంత పవరు, ఏ సీరియల్ నంబరు ఉందో దానిమీద అతికించి ఉంటుంది. రెండు కళ్ళకీ రెండు. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, ఫోనులో ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి. రెటీనాకి ఏదైనా చెయ్యాల్సి వచ్చినా, లెన్సు మార్చాల్సి వచ్చినా కొత్త డాక్టరు మొదట అడిగేది దాన్నే.